గాలం పట్టిన కొత్తవారికి ఏ చేప, ఏ చెరువు?

హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండ గడియార స్తంభం చుట్టుపక్కల గల్లీల్లో గాలం సరదా ఉన్న కుర్రాళ్లకు కొదవ లేదు. సెలవు రోజున బండి మీద ఇద్దరు, వెనక కూర్చున్నవాడి చేతిలో కర్ర, హ్యాండిల్‌కు వేలాడే ప్లాస్టిక్ డబ్బా. వీళ్లలో చాలామంది తొలి పాఠాలు ఫోన్‌లోనే నేర్చుకుంటున్నారు. ఆ పాఠాలు చెప్పేవాళ్లు ఎక్కువగా అమెరికావాళ్లు. కొత్తవారికి వాళ్లు సిఫారసు చేసే చేప క్రాపీ. ఆ చేప హైదరాబాద్ చుట్టుపక్కలే కాదు, మన దేశపు చెరువుల్లోనే లేదు. మరి మన కుర్రాడు ఏ చేపతో మొదలుపెట్టాలి? ఏ నీళ్లలో? ఎవరిని అడిగి? పట్టినదాన్ని ఏం చేయాలి? వీటికి పాత గ్రంథాలు ఒక జవాబు చెబుతాయి, కట్ట మీది పెద్దలు ఒకటి, ఫోన్ పాఠాలు ఒకటి, చట్టమూ శాస్త్రమూ మరొకటి. అన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే దేని విలువ ఎంతో తేలుతుంది.

క్రాపీ నేర్పే పాఠం

క్రాపీ ఉత్తర అమెరికా మంచినీటి చేప. తెల్లది, నల్లది అని రెండు జాతులు. మునిగిన చెట్టుకొమ్మల దగ్గర గుంపుగా ఉంటుంది. వసంతకాలంలో గుడ్లు పెట్టడానికి ఒడ్డు వారకు, లోతు లేని చోటికి వస్తుంది. పడవ లేనివాళ్లకూ అందుతుంది. దాని మూతి పక్కల పొర చాలా పల్చన, గట్టిగా గుంజితే చిరిగి గాలం ఊడిపోతుంది. అందుకని సన్నని దారం, మెత్తగా వంగే కర్ర, చిన్న గాలం వాడతారు. ఒకటి తగిలిన చోట ఇంకో నాలుగు తగులుతాయి కాబట్టి కొత్తవారికి విసుగు పుట్టదు.

డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు ఈ పాఠం ఉన్నది ఉన్నట్టుగా పనికొస్తుంది. టెక్సాస్‌లో లైసెన్సు కొనాలి. సాధారణ నియమం ప్రకారం 10 అంగుళాలకు తగ్గిన క్రాపీని తిరిగి నీళ్లలో వదలాలి, మనిషికి రోజుకు 25కు మించి ఉంచుకోకూడదు. మనకు పనికొచ్చేది దాని సారం మాత్రమే. ఒడ్డుకు దగ్గరగా ఉండాలి, గుంపుగా తిరగాలి, చౌక సరంజామాకు లొంగాలి, మాటిమాటికీ ఎర ముట్టాలి. కొత్తవారి చేపకు ఉండాల్సిన లక్షణాలు ఈ నాలుగే. ఫోన్ పాఠాల్లో మిగతాదంతా అక్కడి నీళ్లకు చెల్లేది.

రాజు, కలెక్టరు చెప్పినవి

గాలం మన దగ్గర కొత్త విద్య కాదు. హైదరాబాదుకు పడమరన ఉన్న కల్యాణిని ఏలిన పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన 'మానసోల్లాసం'లో మత్స్యవినోదం అని ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. కర్ర ఎలా ఉండాలి, దారం దేనితో పేనాలి, ఏ చేపకు ఏ మేత వేసి మరిగించాలి, ఏ ఎర గుచ్చాలి అన్నీ అందులో ఉన్నాయి. దాని అసలు విలువ మేత సంగతిలో ఉంది. గాలం వేసే ముందు చేపను ఒక చోటికి అలవాటు చేయాలన్న సూత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మద్రాసు సివిల్ సర్వీసులో కలెక్టరుగా పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా', 1887లో 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' రాశాడు. రెండోది అచ్చంగా చెరువుల కోసం రాసింది. నదిలో మహసీర్ కోసం తపించే దొరలకు ఇంటి పక్క చెరువు కూడా చూడదగ్గదే అని చెప్పడమే ఒక మలుపు.

ఇద్దరి దగ్గరా నేర్చుకోవాల్సింది చాలా ఉంది, కానీ ఇద్దరి దగ్గరా దొరకనివీ రెండున్నాయి. రాజుకూ దొరకూ చెరువు ఎవరిదని అడిగే అవసరం రాలేదు. వాళ్ల చెరువుల్లోకి ఫ్యాక్టరీ నీళ్లు రాలేదు. శాలిబండ కుర్రాడికి మాత్రం ఈ రెండే మొదటి ప్రశ్నలు.

మన చెరువుల్లో ఎవరెవరున్నారు

బొచ్చె, రవ్వ, మోసు మన చెరువుల పెద్ద కుటుంబం. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా వదులుతున్న చేపపిల్లల్లో ఎక్కువ ఇవే, వీటితోపాటు బంగారుతీగ. బొచ్చె నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, పైనీటిలో మేస్తుంది. రవ్వ నడిమి నీటిది. మోసు నోరు కిందికి, దాని మేత అడుగున. బంగారుతీగ అడుగు బురదను తవ్వి తింటుంది. ఎరను ఏ లోతులో ఉంచాలో చేప మూతి చూస్తే తెలిసిపోతుంది. అయితే ఇవి పెద్దవి, అనుమానపు చేపలు. రోజంతా కూర్చున్నా ముట్టకపోవచ్చు, ముట్టితే కొత్తవాడి దారం తెంపుకుని పోవచ్చు. పైగా ఇవి ఒకరు డబ్బు పెట్టి పెంచుకుంటున్న పంట.

కొర్రమీను సంగతి వేరు. తెలంగాణ రాష్ట్ర చేప అది. శాలిబండకు కూతవేటు దూరంలోని దూద్‌బౌలికీ దానికీ పాత చుట్టరికం. బత్తిని కుటుంబం మృగశిర కార్తె నాడు ఉబ్బసానికి ఇచ్చే చేప ప్రసాదంలో మందు పెట్టి మింగించేది కొర్రమీను పిల్లనే. ఆ పంపిణీ దూద్‌బౌలి ఇంటి దగ్గర నుంచి తర్వాత నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. గాలం వేసేవాళ్లకు కొర్రమీను మీద మోజు ఎక్కువ, ఎందుకంటే అది వేటాడే చేప. గాలి పీల్చడానికి పైకి వస్తుంది, తామరాకుల సందులోంచి ఎగిరి ఎరను అందుకుంటుంది. వెనకటికి బతికున్న కప్పను గుచ్చేవారు. ఇప్పుడు రబ్బరు కప్పలు వచ్చాయి కాబట్టి ఆ హింస అక్కర్లేదు. వానాకాలంలో నీటి పైన ఎర్రగా, నారింజ రంగులో కదిలే పిల్లల గుంపు కనబడితే కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నట్టే. ఆ సమయంలో అవి దేని మీదికైనా దూకుతాయి. అక్కడ గాలం వేసి పట్టడం గొప్పా కాదు, న్యాయమూ కాదు. కాపలా పోతే పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి.

జెల్ల, మార్పు, ఇంగిలాయి అడుగున తిరిగే మీసాల చేపలు. ఎర్రలకు తొందరగా తగులుతాయి. కొత్తవాళ్లు వీటితో జాగ్రత్తగా ఉండాలి. పక్క రెక్కల ముళ్లు గుచ్చుకుంటే, ముఖ్యంగా ఇంగిలాయి ముల్లు, చెయ్యంతా మంట పాకుతుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చేయి ఉంచితే నొప్పి దిగుతుంది, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక జిలేబీ, అంటే తిలాపియా. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ ఆఫ్రికా జాతి చేప ఇప్పుడు ఏ చెరువులో చూసినా ఉంది. ఒడ్డు వారన, మోకాలి లోతులో, మగది మట్టిని మూతితో తోడి పళ్లెంలాంటి గుంత చేస్తుంది. ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. గుంపుగా ఉంటుంది, పిండికీ ఎర్రకూ లొంగుతుంది, మురికి నీళ్లనూ తట్టుకుంటుంది. దీన్ని ఎంత పట్టినా చెరువుకు లోటు లేదు. నాటు చేపల మేతా చోటూ ఆక్రమించుకున్నది ఇదే. క్రాపీకి చెప్పుకున్న నాలుగు లక్షణాలూ మన దగ్గర దీనికే ఉన్నాయి. ఒడ్డు మీద కూర్చున్న పెద్దమనుషులు జిలేబీని చిన్నచూపు చూస్తారు. కొత్తవారు ఆ మాట పట్టించుకోనక్కర్లేదు. బయటి నుంచి తెచ్చిన చేపను ఒకసారి వదిలితే మళ్లీ వెనక్కి తీసుకోలేమనడానికి కూడా ఇదే సాక్ష్యం. క్రాపీ అయినా మరొకటైనా అక్వేరియం నుంచి తెచ్చి చెరువులో వదలకూడదు.

కర్ర, దారం, బెండు

అంగట్లో అడిగితే మొదట రీలున్న కర్రే చూపిస్తారు. జిలేబీకి రీలు అక్కర్లేదు. పది, పన్నెండు అడుగుల సన్నని వెదురు కర్ర, కర్రంత పొడవు నైలాన్ దారం, ఒక బెండు, చిటికెడు సీసం, 8 లేక 10 నంబరు గాలం చాలు. గాలానికి నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుందని దుకాణంలో గుర్తుపెట్టుకోవాలి. రీలు కొనాలనే ఉంటే ఆరు, ఏడు అడుగుల తేలిక కర్ర, చిన్న రీలు, పావు మిల్లీమీటరు లోపు మందం దారం సరిపోతాయి. మెరిసే బొమ్మ చేపలు, లోహపు చెంచాలు కొర్రమీను దశకు వచ్చాక చూసుకోవచ్చు.

పాతబస్తీ షికారీలు చారా అని పిలిచే ఎర పిండి తయారీలో ఒక చిట్కా ఉంది. గోధుమపిండి, శెనగపిండి కొద్ది నీళ్లతో గట్టిగా కలిపి, అందులో దూది పోగులు విడదీసి పిసుకుతారు. దూది నారలా పట్టి ఉంచుతుంది కాబట్టి నీళ్లలో పిండి త్వరగా కరిగిపోదు, చిన్న చేపలు నాలుగు పొడుపులు పొడిచినా గాలం బోసిపోదు. ఉండ శెనగగింజంత ఉండాలి, గాలం మొన కొంచెం బయటికి కనబడాలి. పెద్ద ఉండ పెడితే చేప చుట్టూ కొరుక్కుని పోతుంది. మేతగా గుప్పెడు తవుడు, కాస్త వేరుశెనగ చెక్క పొడి తడిపి ముద్దగా విసిరితే చాలు. చెరువుల్లో చేపల్ని పెంచేవాళ్లు వేసేదీ అదే కాబట్టి ఆ వాసన చేపలకు కొత్త కాదు.

లోతు చూసుకోవడం చాలామంది వదిలేసే పని. గాలానికి కాస్త బరువైన సీసం తగిలించి వేయాలి. బెండు మునిగిపోతే దారం చాలలేదని, అడ్డంగా పడుకుంటే ఎక్కువైందని అర్థం. తల మాత్రమే పైకి వచ్చి నిలబడేదాకా బెండును జరిపితే అడుగు దొరుకుతుంది. అక్కడినుంచి జానెడు పైకి తేవాలి. ఆ తర్వాత బెండు చెప్పేది వినాలి. టకటక ఆడుతుంటే పరకలు కొరుకుతున్నట్టు, ఊరుకోవాలి. ఒక పక్కకు జారుతూ మునుగుతుంటే జిలేబీ పట్టినట్టు, మణికట్టు తిప్పి లాగాలి. భుజం ఎత్తి గుంజితే చేప బదులు వెనకున్న తుమ్మకొమ్మ తగులుతుంది. చేతికి వచ్చిన జిలేబీ వీపు ముళ్లను తల నుంచి తోక వైపుకు అరచేత్తో నిమురుతూ అణచి పట్టుకుంటే గుచ్చుకోవు.

వేళ గురించి కట్ట మీది మాటా ఫోన్ పాఠమూ ఒకటే: తెల్లవారుజామున వెళ్లు. శుభ్రమైన నీళ్లకు ఇది నిజమే. నగరపు చెరువులకు పూర్తిగా వర్తించదు. మురుగు చేరి నాచు పట్టిన నీటిలో పగలంతా నాచు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రంతా అదే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారేసరికి నీటిలో ప్రాణవాయువు అట్టడుగుకు పడిపోతుంది. రాత్రి మబ్బు పట్టి ఉంటే మరీను. పైకి తేలి నోళ్లు తెరుస్తున్న చేపలకు మేత మీద ధ్యాస ఉండదు. అలాంటి చెరువులో ఎండ కాస్త ఎక్కాకా, మళ్లీ సాయంత్రం పొద్దు వాలేముందూ మేలు.

శాలిబండ చుట్టూ నీళ్లు

అన్నిటికన్నా దగ్గర మీర్ ఆలం చెరువు, దూద్‌బౌలి, బహదూర్‌పురా మీదుగా మూడు నాలుగు కిలోమీటర్లు. నిజాం దీవాను మీర్ ఆలం పేరున 19వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో కట్టింది. విల్లులా వంగిన 21 కమానుల ఆనకట్ట దేశంలోనే అరుదైనది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చేదాకా నగరం తాగింది ఈ నీళ్లే. ఇప్పుడు మురుగు, గుర్రపుడెక్క. ఒకవైపు నెహ్రూ జూపార్కు ఉంది కాబట్టి ఆ ఒడ్డు గాలానికి కాదు. నిమజ్జనం జరిగే చెరువుల్లో మిగిలిపోయే విగ్రహాల చట్రాలు, ఇనుప చువ్వలు గాలాన్ని మింగేస్తాయి, కాలినీ కోస్తాయి. మీర్ ఆలం చూడటానికి, నేర్చుకోవడానికి మంచి చెరువు. కూరకు కాదు.

దక్షిణాన ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట దాటితే పల్లెచెరువు, ఉమ్దాసాగర్, జల్‌పల్లి చెరువు, బాలాపూర్ వైపు గుర్రం చెరువు. 2020 అక్టోబరు వానలకు గుర్రం చెరువు గండిపడి హఫీజ్ బాబానగర్ మునిగిన సంగతి పాతబస్తీ మరిచిపోలేదు. వీటిలో నీళ్ల తీరు ఏటికేడు, ఒడ్డుకొడ్డు మారుతుంది. ఎగువన కాటేదాన్ పారిశ్రామికవాడ ఉందన్నది మాత్రం గుర్తుండాలి. దాని పక్కనున్న నూర్ మొహమ్మద్ కుంటలో రంగు మారిన నీళ్లు చూసినవాళ్లెవరూ అక్కడ గాలం వేయరు.

పడమటి వైపు ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో, మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయ్యాయి. రెండూ 1908 మూసీ వరద తెచ్చిన పాఠాలు. నగర చెరువులతో పోలిస్తే ఇక్కడి నీళ్లు మేలు. కానీ ఇవి తాగునీటి జలాశయాలు, కట్టుదిట్టాలు ఎక్కువ. గేట్లు ఎత్తే రోజుల్లో దిగువ వాగులో నిలబడటం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అసలైన జవాబు నగరం దాటాక, పంట నీళ్ల చెరువుల్లో ఉంది. ఎగువన ఫ్యాక్టరీ లేని, ఆయకట్టు పారుతున్న, పశువులు తాగుతున్న చెరువు కొత్తవారికి మంచి బడి.

చెరువు ఎవరిది

ఫోన్ పాఠాలు తలకెత్తుకోని ప్రశ్న ఇదే. తెలంగాణ చెరువుల్లో చేపల మీద హక్కు సాధారణంగా మత్స్యకార సహకార సంఘాలది. గంగపుత్రులు, ముదిరాజులు తరతరాలుగా ఈ నీళ్ల మీద బతుకుతున్నవాళ్లు. వల వేసి, రాత్రుళ్లు కాపలా కాసి, ఎండాకాలంలో చెరువు పట్టి పంచుకుంటారు. ఊరికే సరదాకు వచ్చి పెద్ద బొచ్చెను సంచీలో వేసుకుపోయేవాడు వాళ్ల దృష్టిలో షికారీ కాదు, దొంగ. వాళ్ల మాటలో తప్పు లేదు. ముందుగా సంఘం పెద్దను కలిసి, "అన్నా, జిలేబీలకే గాలం వేసుకుంటం, వేరేది తగిలితే నీళ్లల్లనే వదిలేస్తం" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. జిలేబీ వాళ్లకూ తలనొప్పే. కాదంటే మరో చెరువు చూసుకోవాలి.

చట్టం సంగతి సూటిగా ఉంది. చేపల కోసం నీళ్లలో మందుగుండు పేల్చడం, విషం కలపడం 1897 నాటి భారత మత్స్య చట్టం నుంచే నేరం. ఆఫ్రికా మార్పును పెంచడాన్ని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. అది గాలానికి తగిలితే తిరిగి వదలకూడదు, మరో చెరువుకు మోసుకుపోకూడదు.

ఇక్కడ అమెరికా దగ్గర నిజంగా నేర్చుకోదగ్గది ఒకటుంది. అక్కడ 1950 నాటి చట్టంతో గాలం సామాన్ల మీద వేసిన పన్ను చేపల సంరక్షణకే వెళ్తుంది. మన దేశంలోనూ హిమాచల్‌ప్రదేశ్‌లో ట్రౌట్, మహసీర్ పట్టడానికి ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుంది. కర్ణాటకలో కావేరి మీద గాలం వేసేవాళ్ల సంఘమే మహసీర్‌కు కాపలా పెట్టి కాపాడింది. గాలం వేసేవాడు చెరువుకు శత్రువు కానక్కర్లేదనడానికి ఇవి రుజువులు.

తినొచ్చా?

ఒడ్డున ఎక్కువగా వినిపించే జవాబు, "మసాలా పట్టిస్తే అన్నీ పోతాయి" అని. పోవు. మురుగు నీటి సూక్ష్మజీవులు ఉడికితే చస్తాయి, సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఉడికినా ఉంటాయి. నగరానికి ఆవలి వైపు పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. ఇవి పాతబస్తీ చెరువులు కాకపోయినా, హైదరాబాద్ చెరువును కంటితో చూసి నమ్మలేమని చెప్పడానికి చాలు. జిలేబీ మురికిని తట్టుకుంటుందన్నది గాలానికి సుగుణం, కూరకు అవగుణం. అది బతికి ఉందంటే నీళ్లు మంచివని అర్థం కాదు. మృగశిర నాడు చేప తినాలనుకునేవాళ్లకు బేగంబజారు, ముషీరాబాద్ మార్కెట్లు ఉన్నాయి. మురుగు కలిసే చెరువులో పట్టింది పిల్లలకూ గర్భిణులకూ అసలు పెట్టకూడదు.

తేలిందేమిటి

పాత గ్రంథాల నుంచి మేత సూత్రం తీసుకోవాలి. ఫోన్ పాఠాల నుంచి చిన్న సరంజామా, మెత్తని చేయి తీసుకోవాలి. కట్ట మీది పెద్దల నుంచి పిండి, బెండు తీసుకోవాలి. వేళ గురించీ వంట గురించీ వాళ్లు చెప్పేది మాత్రం నగర చెరువుల దగ్గర నమ్మకూడదు. శాలిబండ నుంచి మొదలుపెట్టేవారికి తగిన చేప జిలేబీ, తగిన పరికరం వెదురు కర్ర, తగిన నీళ్లు నగరం బయట సంఘం అనుమతి ఉన్న పంట చెరువు. కర్ర కొనడం ఈ వరుసలో ఆఖరి పని. ముందు చెరువు ఎవరిదో, దాంట్లోకి ఏ నీళ్లు వస్తున్నాయో తెలుసుకోవాలి.

మత్స్యశాఖకూ సహకార సంఘాలకూ ఒక విన్నపం. రోజుకు ఇంత అని చిన్న రుసుముతో గాలం చీటీ ఇవ్వండి. ఏ చేప ఉంచుకోవచ్చో, ఏది వదలాలో దాని వెనక తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చు వేయండి. సంఘానికి నాలుగు రూపాయలు వస్తాయి, జిలేబీ తగ్గుతుంది, చెరువులోకి మురుగు వదిలే చోట్ల మీద ఇంకో నాలుగు జతల కళ్లు ఉంటాయి. కుర్రాళ్లు దొంగచాటుగా కట్ట ఎక్కాల్సిన అవసరమూ ఉండదు.